తంగేడు చెక్క

కెనడా ఉత్తరాన ఫోర్ట్ స్మిత్ అనే చిన్న పట్నానికి మేము నలుగురం రిటైర్డ్ టీచర్లం వెళ్లింది ఆకాశంలో పచ్చ వెలుగులు చూడటానికి, అడవి దున్నల్ని చూడటానికి. రెండూ చూశాం. కానీ ఆ ప్రయాణం గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఒక వాసన. నది ఒడ్డున చెట్ల మధ్య వేసిన ఒక గుడారం దగ్గర వ్యాను దిగి పది అడుగులు వేశానో లేదో, నానిన పచ్చి తోలు వాసన, దాని మీద పుచ్చిన కట్టె పొగ, రెండూ కలిసి ముక్కులోకి వచ్చాయి. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నా చేయి దానంతట అదే కొంగు కోసం వెతికింది. ఒంటి మీద చీర ఎక్కడిది, రెండు స్వెటర్ల మీద లావుపాటి కోటు తొడుక్కుని ఉన్నాను. కొంగు దొరకలేదు. ఆ కొంగు సంగతి తర్వాత చెప్తాను. నా కోపంలో సగం దాని మీదే.

మేము నలుగురం మహబూబ్‌నగర్‌లో ఒకే ఆడపిల్లల హైస్కూల్లో ఏళ్ల తరబడి కలిసి పనిచేశాం. నేను జీవశాస్త్రం చెప్పేదాన్ని, ప్రమీల మేడమ్ సోషల్. ఈ ప్రయాణం ఆమె పట్టుదల. పదవీ విరమణ చేసినవాళ్లు తీర్థయాత్రలే ఎందుకు చేయాలి, మనుషులు తక్కువ అడవి ఎక్కువ ఉన్న చోటుకు ఒక్కసారైనా పోవాలి అని రెండేళ్లు మా వెంట పడింది. కొత్తకోట దగ్గర పెద్ద సేద్యం ఉన్న ఇంటి బిడ్డ. నోరు పెద్దది, మనసు కూడా చిన్నదేమీ కాదు. మా ఆయన దవాఖానలో పడి ఉన్నప్పుడు తొమ్మిది రోజులు తన ఇంటి నుంచి నాకు అన్నం తెచ్చిన మనిషి. ఈ మాట ముందే చెప్పడం న్యాయం, ఎందుకంటే ఇకముందు ఆమెను నేను తిట్టబోతున్నాను.

ఆ ఊరు చేరడానికి ఎక్కిన చివరి విమానం మన ఎర్రబస్సు అంత కూడా లేదు. ఊరు దాటితే అడవి, అడవి దాటితే మళ్లీ అడవే. రోడ్డు మధ్యలో అడవి దున్నలు తాపీగా పడుకుని నెమరు వేస్తుంటే కార్లు ఇంజన్లు ఆపుకుని నిలబడ్డాయి, హారన్ కొట్టినవాడు ఒక్కడు లేడు. ప్రమీల మేడమ్ కారులోంచే వాటికి దండం పెట్టింది. నది సుడుల మీద తెల్లటి గూడబాతులు వాలుతుంటే చూస్తూ ఒక పూటంతా కూర్చున్నాం. ఆ నది పేరు స్లేవ్ నది, అంటే బానిస నది. పొరుగు జాతి వాళ్లు ఇక్కడి మనుషులను చులకనగా పిలిచిన పేరే నదికి కూడా అతుక్కుపోయిందని మమ్మల్ని తిప్పుతున్న అమ్మాయి చెప్పింది. అయ్యో పాపం అన్నారు మావాళ్లు. పక్కవాళ్లు పెట్టిన పేరు మోయడం ఎట్లా ఉంటుందో తెలిసిన మనిషి వాళ్ల పక్కనే కూర్చుని ఉంది, ఆ మాట ఎవరికీ తట్టలేదు. మూడో రోజు ఆ అమ్మాయే, మా కార్యక్రమం కాగితంలో ‘స్థానిక వారసత్వం’ అని రాసిన దానికోసం, మమ్మల్ని ఆ తోలు గుడారానికి తీసుకొచ్చింది.

అక్కడ మూస్ అనే పెద్ద దుప్పి తోలును నాలుగు గుంజల చట్రానికి లాగి కట్టారు. దాని ముందు ఎత్తుపీట వేసుకుని ఒక ముసలామె కూర్చుంది. అక్కడి ఆదివాసులైన డెనె జాతి మనిషి, డెబ్బై దాటి ఉంటాయి, పూల రుమాలు కట్టుకుంది. చుట్టూ చిన్నా పెద్దా పదిహేను మంది, కొందరు ఆ ఊరివాళ్లే, కొందరు మాలాగే చూడవచ్చినవాళ్లు. ఆమె ఒక్క మాట మాట్లాడితే అందరూ మాటలు ఆపి వింటున్నారు. ఆమె కూర్చునే పీట మీద ఇంకెవరూ కూర్చోరట. తోలును మెత్తబరచడానికి ఆ జంతువు మెదడునే నీళ్లలో పిసికి పట్టిస్తారట, ఒక బకెట్లో అది సిద్ధంగా ఉంది. ఎవరైనా చేయి పెడతారా అని అడిగిందో లేదో మా ప్రమీల మేడమ్ బంగారు గాజులు పైకి జరుపుకుని రెండు చేతులూ మోచేతి దాకా ముంచేసింది. ముంచి, నావైపు తిరిగి, ఫోటో తీయమంది. తీశాను. మొహం వెలిగిపోతోంది. ఆమె ముఖం మీద అసహ్యం ఆవగింజంత లేదు. అంటే ఈ మనిషికి ఆ వాసన భరించడం చేతనవును. ఇన్నాళ్లూ చేతనవును.

లంద అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. తోళ్లు నానబెట్టే తొట్టిని లంద అంటాం. ఆత్మకూర్‌కు ఆవల, కృష్ణా నది వైపు మా ఊరు. ఊరికి బయట మా వాడ, వాడకు కూడా బయట మా అవ్వ సాయవ్వ లంద. గుట్ట మీది నల్లరాయిని తొలిచి చేసిన రెండు తొట్లు, ఒకటి సున్నానికి, ఒకటి తంగేడు చెక్క నీళ్లకు. అవ్వ వాళ్ల నాయిన తొలిచినవట. ఊళ్లో ఎవరి ఎద్దో బర్రెనో చచ్చిపోతే పొద్దున్నే కబురు వచ్చేది, లంద సాయవ్వను రమ్మనండ్రి అని. మా నాయిన బాలయ్య, ఇంకో ఇద్దరు పోయి మోసుకొచ్చేవారు. తోలు వలవడం మగవాళ్ల పని, అక్కడి నుంచి అంతా అవ్వ రాజ్యం. సున్నపు తొట్టిలో నానేసి, రోజూ కట్టెతో తిరగేసి, వెంట్రుక వదులైందని తోచినప్పుడు బయటికి లాగి, ఏటవాలుగా పాతిన మొద్దు మీద పరిచి, మొండి కత్తితో గీసేది. పై నుంచి కిందికి, పొట్ట భారమంతా కత్తి మీద వేసి, ఊపిరి బిగబట్టి ఒక్కటే గీత. మధ్యలో ఆపితే తోలు మీద మచ్చ పడుతుంది. ఆ ఎద్దు బతికి ఉన్నప్పటి పేరు ఆమెకు తెలుసు. ఇది పెద్దింటోళ్ల మైలోడు, ఇది నర్సింహులు తెల్లోడు అని పేరు పెట్టి పలకరిస్తూ గీసేది. తోలు మీద ముల్లుగర్ర పోట్లు కనబడితే ఆ ఎద్దు ఆసామిని తిట్టుకుంటూ గీసేది.

పిల్లలం మా పని తంగేడు చెక్క. గుట్ట కింద పొదలు విరిచి, కర్రల మీది బెరడు పళ్లతో, గోళ్లతో ఒలిచి, గంపలకెత్తి తెచ్చేవాళ్లం. అమ్మ రోట్లో వేసి దంచేది. ఆ నీళ్లు మొదట టీ రంగులో ఉండి, రెండు రోజులకు ముదిరి ఇటుక రంగుకు తిరిగేవి. తోలును తిత్తిలాగా కుట్టి, వేప కొమ్మకు వేలాడదీసి, అందులో చెక్కా నీళ్లూ నింపితే చుక్క చుక్క కారుతూ ఉండేది, కారిందాన్ని మళ్లీ లోపల పోయడం మా వంతు. అవ్వ పొద్దుటిపూట నోరు కడుక్కున్న వెంటనే, ఇంకేమీ తాగకముందే, ఆ నీళ్లు వేలితో తీసి నాలుక మీద పెట్టుకునేది. వగరు సరిపోయిందా లేదా చూడటానికి. తర్వాత తోలుకు ముక్కు ఆనించి కళ్లు మూసుకుని, ఇంకా రెండు పొద్దులు అనో, సాలు దించుండ్రి అనో చెప్పేది. ఆమె చెప్పింది తప్పిన రోజు నాకు గుర్తులేదు. తోలును ఎండ మొహం చూడనిచ్చేది కాదు. చాపలు అడ్డం కట్టి నీడలోనే ఆరబెట్టేది, పొరపాటున మేము చాప జరిపితే వీపు పగిలేది. నేను కాలేజీలో టానిన్లూ ప్రోటీన్లూ చదువుకున్నప్పుడు, ఇవన్నీ మా అవ్వ నాలుక చివర ఉన్న సంగతులే కదా అని ఒక్క క్షణం అనిపించింది. పక్కన కూర్చున్న పిల్లతో అనలేదు.

ఆ తోలుతో నాయిన మోట బొక్కెనలు కుట్టేవాడు. కరెంటు మోటార్లు రాకముందు బాయిలోంచి నీళ్లు పైకి తోడింది ఆ తోలు బొక్కెనలే. ఊరి వరి, ఊరి మిర్చి, పెద్దింటోళ్ల మామిడి తోట, అన్నీ మా నాయిన కుట్టిన బొక్కెన నీళ్లు తాగి పెరిగినవే. మోట తోలేటప్పుడు కాలువలో దోసిలి పట్టి ఆ ఆసాములే తాగేవారు, పొలం గట్టున దేవుడి రాయి మీద అవే నీళ్లు పోసేవారు. అదే బాయి దగ్గరికి మా అవ్వ కుండ పట్టుకుని పోతే మెట్ల మీద కాలు పెట్టనిచ్చేవారు కాదు, ఎవరైనా వచ్చి పైనుంచి పోసేదాకా ఎండలో నిలబడాలి. తోలు బాయిలో మునగొచ్చు, తోలును తోలు చేసిన చేయి మాత్రం బాయికి తగలకూడదు. ఈ లెక్క నాకు ఆరేళ్లప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. ఒకసారి అవ్వను అడిగాను, మన బొక్కెన మనం తెచ్చేసుకుంటే వాళ్లేం చేస్తారు అని. అవ్వ నవ్వి, “వాల్ల పంట ఎండుతది బిడ్డా, మన కడుపు గూడ ఎండుతది” అంది. నవ్వింది గానీ ఆ రోజు మొద్దు మీద కత్తి మామూలుకన్నా గట్టిగా పడింది.

ఆత్మకూర్ హాస్టల్లో చేరినప్పుడు నాకు పదకొండేళ్లు. తంగేడు రంగు నా వేళ్ల సందుల్లో, గోళ్ల కింద ఇంకిపోయి ఉండేది. క్లాసులో పుస్తకం పట్టుకుంటే పక్కపిల్ల నా చేతులనే చూసేది. హాస్టల్ వెనక ఇటుకల కుప్ప ఉండేది, రోజూ పొద్దున ఒక ముక్క నూరి ఆ పొడితో చేతులు తోమేదాన్ని, రక్తం చెమ్మగిల్లేదాకా. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు చెక్క ఒలవమంటే ఒలవనన్నాను. అమ్మ కొట్టబోతే అవ్వ అడ్డం వచ్చి, “ఒద్దు, దాన్ని సదువుకోనియ్యి, ఈ వాసన నాతోనే పోనీ” అంది. పోనిచ్చాను. అవ్వ మాట అక్షరాలా పాటించాను. నేను టీచరయ్యాక నా కులం ఆఫీసు కాగితాల్లో ఉంది, అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నేను దాచింది కులాన్ని కాదు, లందను. మీ నాయిన ఏం చేసేవారు అంటే వ్యవసాయం అని చెప్పాను. ముప్పై ఏళ్లు అదే చెప్పాను. మాకు గుంట భూమి కూడా లేదు.

ఇప్పుడు కొంగు. పరీక్షల డ్యూటీలకు మేమంతా కలిసి బస్సులో పోయేవాళ్లం. దారిలో ఒక ఊరి బయట తోళ్ల గోదాము ఉండేది. అది ఇంకా ఫర్లాంగు దూరం ఉండగానే ప్రమీల మేడమ్ కొంగు ముక్కుకు పోయేది. అబ్బ, ఇక్కడ మనుషులు ఎట్లా బతుకుతారో, అన్నం ఎట్లా తింటారో అనేది, ప్రతిసారీ అదే మాట, కిటికీ అద్దం మూస్తూ. బస్సులో ఉన్న ఆడవాళ్లందరి కొంగులూ లేచేవి. నాదీ లేచేది. అందరికన్నా ముందు లేచేది, ఎందుకంటే అందరికన్నా ముందు ఆ వాసన పసిగట్టేది నేనే. తొమ్మిదో తరగతి పాఠంలో తంగేడు వచ్చేది. శాస్త్రీయ నామం, పువ్వు నిర్మాణం, చివర ఒక ముక్క, దీని బెరడును తోళ్లు శుద్ధి చేయడానికి వాడతారు అని. ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్ల లేచి ఎట్లా మేడమ్ అని అడిగేది. అది పరీక్షలో రాదు, కూర్చో అనేదాన్ని. ఆ పిల్లల్లో మా వాడల నుంచి వచ్చినవాళ్లు కొందరు ఉండే ఉంటారు. వాళ్లు లేవలేదు, అడగలేదు. వాళ్లు నన్ను చూస్తూ ఉండి ఉంటారు.

తెలంగాణ వచ్చింది, తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. మంచిదే. మా స్కూల్లో బతుకమ్మ పేర్చినప్పుడు అందరికన్నా ఎక్కువ తంగేడు పూలు తెప్పించింది నేనే. పువ్వు మీద ఉపన్యాసం ఇమ్మంటే ఇచ్చాను, చప్పట్లు కొట్టారు. పువ్వును నెత్తిన పెట్టుకున్నవాళ్లలో బెరడు మాట ఒక్కరూ ఎత్తలేదు, ఎత్తాల్సిన మొదటి మనిషిని నేను, నేనే ఎత్తలేదు. కెనడా ప్రయాణానికి ముందు వారం మా తమ్ముడు దానియేలు ఫోన్ చేశాడు. ఊళ్లోనే ఉంటాడు, కరెంటు లైన్‌మన్. మన లంద ఉన్న జాగాలో ఊరికి పార్కు కడుతున్నారట, మిగతాదంతా అయిపోవచ్చింది, గద్దెలకు తొట్లు అడ్డం వస్తున్నాయి, తీసేద్దామా అని మనల్ని అడుగుతున్నారు అన్నాడు. అడిగారు, అది గుర్తుంచుకోండి. వద్దంటే గద్దె పక్కకు జరిగేదేమో. నేను సూట్‌కేసులో స్వెటర్లు సర్దుకుంటూ, తీసేయనీరా, వాటితో మనం ఏం చేసుకుంటాం అన్నాను.

ఇదంతా ఆ గుడారం ముందు నిలబడి ఉండగానే నా మెదడులో తిరిగింది. ముసలామె గీకుడు కత్తి ఒక్కొక్కరికీ ఇచ్చి చేయమంటోంది. అందరూ గోకుతున్నారు, ప్రమీల మేడమ్ అయితే గరిటెతో మాడిన గిన్నె గీకినట్టు గీకింది. నా వంతు వచ్చింది. కత్తి చేతికి తగలగానే నేను ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు. పొట్ట భారం వేసి, ఊపిరి బిగబట్టి, పై నుంచి కిందికి ఒక్కటే గీత. తెల్లగా, మచ్చ లేకుండా వచ్చింది. ఇంకోటి. ఇంకోటి. ఎన్ని గీశానో, తల ఎత్తేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. ముసలామె లేచి వచ్చి గీసిన చోట అరచేయి ఆనించింది. నా మొహంలోకి చూసి ఇంగ్లీషులో మెల్లగా అడిగింది: “నీకు ఎవరు నేర్పారు?”

పక్కన ప్రమీల మేడమ్ ఉంది, ఆమె ఫోన్ నావైపే పట్టి ఉంది. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది. నేను బయాలజీ టీచర్ని, పుస్తకాల్లో చదివాను. ఏడు సముద్రాల అవతల, ఆ పనిని నెత్తిన పెట్టుకునే చోట, నన్ను చిన్నచూపు చూసేవాళ్లు ఒక్కరూ లేనిచోట కూడా అబద్ధమే వచ్చింది. ముసలామె నమ్మలేదని నాకు తెలుసు. తన పీట మీద కూర్చుని, అందరికీ చెప్తున్నట్టే, తన కథ చెప్పింది. ఆరేళ్లప్పుడు సర్కారు మనుషులు తనను ఇంట్లోంచి తీసుకుపోయి, ఆదివాసీ పిల్లలకని దూరాన పెట్టిన బడిలో పడేశారట. మొదటి రోజే బట్టలు కాల్చేసి, ఒంటికి పట్టిన తోలు పొగ వాసన పోయేదాకా సబ్బు పెట్టి రుద్దారట, అమ్మ భాషలో ఏడిస్తే కొట్టారట. ఇంటికి వచ్చాక తల్లి చేసిన చెప్పులు ముట్టుకోవడానికే సిగ్గేసిందట. యాభై ఏళ్లు వచ్చాక, చావబోతున్న పిన్నమ్మ దగ్గర కూర్చుని ఈ పని నేర్చుకుందట. “వాళ్లు ఒక్కరోజులో కడిగేసినదాన్ని తెచ్చుకోవడానికి నాకు నలభై నాలుగేళ్లు పట్టింది” అంది. ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి. ఆమెనైతే పట్టుకుపోయి రుద్దారు. నన్ను ఎవరు రుద్దారు? ఇటుక పొడి నేనే నూరుకున్నాను.

తిరిగి వస్తుంటే వ్యానులో ప్రమీల మేడమ్ చేతులు వాసన చూసుకుంటూ, “ఎంత గొప్ప సంస్కృతి సువర్ణా, ఇట్లాంటిది మన దగ్గర గూడ ఉండి ఉంటే ఎంత బాగుండేది” అంది. ఆమెను వ్యానులోంచి తోసేయాలన్నంత కోపం వచ్చింది. ఆ కోపం సగం దారిలోనే వెనక్కి తిరిగి నన్ను పట్టుకుంది, ఎందుకంటే ఆమె తెలిసి అబద్ధం ఆడలేదు. మన దగ్గర ఉందని ఆమెకు చెప్పిందెవరు? ముప్పై ఏళ్లు పక్క కుర్చీలో కూర్చుని, ఒకే టిఫిన్ డబ్బాలో తిని, మా నాయిన వ్యవసాయం అని చెప్పిన మనిషిని నేను. ఆమె ముక్కు మూసుకుంది సరే, నేను నోరు కూడా మూసుకున్నాను.

హోటల్ గదిలోకి పోగానే కోటు కూడా విప్పకుండా దానియేలుకు ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్నే, డ్యూటీకి బయల్దేరుతున్నాడు. తొట్లు తీయొద్దని చెప్పు, నేను వచ్చేదాకా ఎవరినీ చేయి పెట్టనీకు అని ఒక్క గుక్కలో అన్నాను. వాడు బండి స్టాండు వేసిన చప్పుడైంది. తర్వాత, “నువ్వే గదక్కా తీసేయమన్నది. మొన్న జేసీబీ తెచ్చి పలగగొట్టిన్రు” అన్నాడు. ఆపలేకపోయావా అని అరిచాను. వాడికీ కోపం వచ్చింది. సదువుకున్నదానివి నువ్వు, నీ మాటే నేను వాళ్లకు చెప్పిన, ఇప్పుడు నా మీదెందుకు ఒర్రుతున్నవ్ అన్నాడు. ముక్కలేమయ్యాయంటే పార్కు గద్దెల కింద పునాదిలో వేశారన్నాడు. అవ్వ వాళ్ల నాయిన ఎన్నేళ్లు తొలిచాడో ఆ రాయిని. ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఆ రాత్రి ఆకాశంలో వెలుగులు మొదటి రాత్రికన్నా బ్రహ్మాండంగా వచ్చాయట, మావాళ్లు తలుపు కొట్టారు. తలనొప్పి అన్నాను, ఇంకో అబద్ధం.

ఇంటికి వచ్చిన నాలుగో రోజు ఊరికి పోయాను. పార్కు బాగానే ఉంది, అబద్ధం ఎందుకు. ఇనుప గేటు, సిమెంటు దారి, పిల్లలకు ఉయ్యాల, వరుసగా నాటిన మొక్కలు. లంద ఉన్నచోట సరిగ్గా ఒక పెద్ద గద్దె కట్టి, దాని చుట్టూ తంగేడు పొదలు తెచ్చి పెట్టారు. బాగా ఎదిగినవే, పూత మీద ఉన్నాయి. పక్కన బోర్డు. తంగేడు, మన రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు ప్రీతిపాత్రం, ఆయుర్వేదంలో మధుమేహానికి దివ్యౌషధం. అంతే. ఇక్కడ ఏముండేదో, ఈ చెట్టుతో ఎవరు ఏం చేశారో ఒక్క అక్షరం లేదు. నేను పాఠం చెప్పినట్టే రాశారు. గద్దె అంచున, సిమెంటు సరిగ్గా పూయనిచోట, ఒక నల్లరాయి ముక్క బయటికి కనబడుతోంది. ఒక వైపు నున్నగా, ఇటుక రంగు ఇంకిపోయి ఉంది. వంగి ముట్టుకున్నాను. ఎన్నేళ్ల నీళ్లో అందులో.

నేను అప్పటికే నిర్ణయించుకుని వచ్చాను. సంచిలోంచి కత్తి తీసి, ఒక పొద పక్కన కూర్చుని, ముదురు కొమ్మ ఒకటి కోసి బెరడు ఒలవడం మొదలుపెట్టాను. కత్తితో రాలేదు. పళ్లతో పట్టి లాగితే వచ్చింది, చిన్నప్పటిలాగే, వగరుగా. తొమ్మిదో తరగతి పాఠం చెప్పడానికి మా స్కూలు వాళ్లు నన్ను వచ్చే నెల రమ్మన్నారు. ఈసారి రోలూ తోలుముక్కా పట్టుకునే పోతాను, ప్రమీల మేడమ్‌ను ముందు వరుసలో కూర్చోబెడతాను. అట్లా అనుకుంటూ ఒలుస్తున్నాను. ఉయ్యాల దగ్గర పిల్లలు ఆట ఆపి నావైపు చూస్తున్నారు. వాళ్లతో పాటు వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూడా, ఊరు నడిమి ఇళ్లవాళ్లు, కొంగు బొడ్లో దోపుకుని నిలబడి చూస్తున్నారు.

కాపలా మనిషి కర్ర పట్టుకుని గబగబా వచ్చాడు. చెట్ల జోలికి పోవద్దని గేటు కాడ బోర్డు పెట్టినం, చదువొచ్చినట్టున్నరు, గిట్ల చేస్తరా అని మందలించాడు. తర్వాత నా చేతుల్లోని బెరడునూ నా నోటినీ మార్చి మార్చి చూసి, “ఎవలమ్మా నువ్వు?” అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. “లంద సాయవ్వ మన్మరాలిని” అన్నాను.

అతని మొహం మారింది. నా దగ్గరికి వచ్చాడు, దగ్గరగా చూస్తే పోల్చుకున్నాను, మా వాడ మనిషే, నాయిన వయసు వాళ్లలో ఎవరి కొడుకో. ఉయ్యాల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “జర మెల్లగ అనక్కా, ఆల్లు ఇంటరు” అన్నాడు.

అది నా గొంతే. బస్సులో, స్టాఫ్ రూములో, నది ఒడ్డున మాట్లాడిన గొంతు. అతని మీద కోపం రాలేదు. నోట్లో ఉన్న చెక్క వగరును మింగి, గేటు దాకా వినబడేలా మళ్లీ చెప్పాను.